ఒకే చెట్టు, ఐదు హెర్బేరియాలు: అడవి నుంచి తెచ్చిన ఎండు నమూనాలను పంచుకోవడం ఎలా

నల్లమలలోనో పాలకొండల్లోనో పది రోజులు తిరిగి వచ్చాక, మొక్కలను నొక్కి ఎండబెట్టే ప్రెస్సులు విప్పి, ఎండిన కొమ్మలను పాత దినపత్రికల మడతల్లో పేర్చి, బల్ల మీద నిలువెత్తు కట్టలుగా పెట్టుకున్న రోజున అసలు పని అయిపోయిందన్న భావన ఎవరికైనా కలుగుతుంది. నిజానికి అప్పటికి సగమే అవుతుంది. ఆ కట్టల్లో ఒక్కో సేకరణ సంఖ్య కింద నాలుగైదు షీట్లు ఉంటే, వాటిని ఎవరికి, ఏ క్రమంలో, ఏ కాగితాలతో పంపాలన్నది మిగిలిన సగం. అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల్లో వృక్షశాస్త్రం చదువుతున్న పరిశోధక విద్యార్థులను, కళాశాలల్లో చిన్న హెర్బేరియాలు, అంటే ఎండు మొక్కల నమూనాలను భద్రపరిచే చోట్లు, నడుపుతున్న అధ్యాపకులను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని రాస్తున్నాను.

ముందుగా ఒక మాటను సరిగ్గా పట్టుకోవాలి. ఒకే జాతిని, ఒకే చోట, ఒకే సమయంలో, ఒకే సేకర్త తీసిన భాగాలు ఎన్ని షీట్ల మీద ఉన్నా అవన్నీ ఒకే సేకరణ కిందికి వస్తాయి. ఆ షీట్లు ఒకదానికొకటి డూప్లికేట్లు. చెట్టయితే అదే చెట్టు కొమ్మలు కావాలి. చిన్న మొక్కలయితే ఆ చోట ఆ పూట పీకిన అదే జాతి మొక్కలు కొన్ని కావచ్చు. మరుసటి రోజు అదే చెట్టు దగ్గరికి తిరిగి వెళ్లి ఇంకో కొమ్మ కోస్తే అది వేరే సేకరణ, దానికి వేరే సంఖ్య ఇవ్వాలి. ఈ నియమం దగ్గర ఎక్కడ సడలించినా, తర్వాత మీరు ఎంత అందంగా కట్టలు కట్టి పంపినా అవి డూప్లికేట్లు కావు.

ఇంత శ్రమ దేనికని అడిగేవారికి నేను చెప్పేది బెర్లిన్ సంగతి. 1943 మార్చి 1 రాత్రి జరిగిన బాంబు దాడిలో బెర్లిన్ దాహ్లెమ్‌లోని హెర్బేరియం చాలావరకు కాలిపోయింది. అక్కడి టైపు నమూనాల, అంటే ఒక జాతి పేరుకు ఆధారంగా నిలిచే నమూనాల, డూప్లికేట్లు ముందే ఇతర దేశాల హెర్బేరియాలకు చేరి ఉన్న జాతుల విషయంలో ఆ పేర్లకు ఆధారం మిగిలింది. ఒక్క షీటే ఉన్న జాతుల విషయంలో నేటికీ శాస్త్రవేత్తలు తంటాలు పడుతూనే ఉన్నారు. మన దగ్గర బాంబులు పడనక్కరలేదు. ఒక వానాకాలం కారిన కప్పు చాలు, ఒక వేసవి సెలవుల్లో ఎవరూ తెరవని బీరువా చాలు. దీనికి తోడు, గడ్డి జాతులనో తుంగ జాతులనో కచ్చితంగా గుర్తించగలిగిన నిపుణులు దేశం మొత్తం మీద కొద్దిమందే ఉంటారు కాబట్టి, మొక్కను వారి దగ్గరికి పంపడమే దారి. వృక్షశాస్త్రంలో చిరకాలంగా ఉన్న మర్యాద ఏమిటంటే, నిపుణుడు పేరు చెప్పి రాసి పంపుతాడు, ప్రతిఫలంగా ఆ డూప్లికేటును తన హెర్బేరియంలోనే ఉంచుకుంటాడు.

బయలుదేరక ముందు

అనుమతులు లేకుండా తెచ్చిన మొక్కను పంచుకునే వీలు ఉండదు. రిజర్వు అడవిలో సేకరణకు అటవీ శాఖ అనుమతి, కడప జిల్లాలోని శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం, నల్లమలలోని గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం లాంటి చోట్ల రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. అడిగేటప్పుడే మీ దరఖాస్తులో ‘ఒక్కో జాతికి ఐదు వరకు డూప్లికేట్లు, వాటిని దేశంలోని ఇతర హెర్బేరియాలకు పంపుతాము’ అని స్పష్టంగా రాయండి. ఆ వాక్యం లేని అనుమతి పత్రంతో మొక్కలను తేవడం కుదురుతుంది గానీ, ఆరు నెలల తర్వాత వేరే ఊరికి పంపబోతే ఎవరైనా ప్రశ్నించినప్పుడు జవాబు ఉండదు. ఎర్రచందనం పెరిగే కొండల దారుల్లో తనిఖీ కేంద్రాలు ఎలా ఉంటాయో ఇక్కడివారికి చెప్పనవసరం లేదు. అనుమతి పత్రం నకలును ప్రతి ప్రెస్సు పైన, కట్టిన నాడా కింద దోపి ఉంచితే సామాను మొత్తం విప్పే అగత్యం తప్పుతుంది.

కోసేటప్పుడే పంచడం మొదలవుతుంది

ఎన్ని డూప్లికేట్లు తియ్యాలన్నది మొక్కను చూసి నిర్ణయించుకోవాలి. తంగేడు, బండారు, కలివి లాంటి వాటికి ఐదు తీసినా నష్టం లేదు. అరుదైన వాటి విషయంలో, కంటి ముందు ఇరవై మొక్కలుంటే గానీ ఒక్కటి తియ్యకూడదన్న పాత నియమాన్ని పాటించండి. బ్రాకీస్టెల్మా, సెరోపీజియా లాంటి దుంప మొక్కలు బండల సందుల్లో రెండో మూడో కనిపించినప్పుడు దుంపతో సహా పీకడం కన్నా, పూలున్న ఒక్క తీగను కోసి, ఫొటోలు తీసి, ఒకే షీటుతో సరిపెట్టుకోవడం మేలు. డూప్లికేటు లేదని ఏ హెర్బేరియమూ మిమ్మల్ని తప్పుపట్టదు.

చెట్టు దగ్గర నేను చేసే పద్ధతి ఇది. కోసిన పెద్ద రెమ్మను నేల మీద గుడ్డ పరిచి దానిపై పెడతాను. పక్కనే ఐదు మడత కాగితాలను వరుసగా తెరిచి, ఒక్కో కాగితంలోకి ఒక్కో పిల్ల రెమ్మను పేకముక్కలు పంచినట్టు వేస్తాను: ముందు పూలున్నవి ఒక చుట్టు, తర్వాత కాయలున్నవి ఒక చుట్టు, ఆ తర్వాత ముదురాకులున్నవి ఇంకో చుట్టు. ఇలా చేయకపోతే పూలన్నీ మొదటి షీటుకే పోయి, ఐదో షీటులో ఉత్త ఆకులు మిగులుతాయి. అలాంటి షీటు అందుకున్నవారు మర్యాదకు థాంక్స్ రాస్తారు గానీ దానితో వారికి జరిగే పని ఏమీ ఉండదు. ఒక్కో షీటులో కనీసం ఒక ఆకును తిరగేసి పెట్టండి, అడుగు భాగం మీది నూగు, ఈనెలు కనబడాలి. హెర్బేరియం షీటు కొలత సుమారు 42 × 28 సెంటీమీటర్లు కాబట్టి రెమ్మ ఆ కొలత దాటకుండా ప్రెస్సులో పెట్టేటప్పుడే సరిచేసుకోవాలి. పొడవాటి గడ్డిని కోసెయ్యకుండా వంచి మడవాలి. ఎండాక మడవబోతే పుటుక్కున విరిగిపోతుంది.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసిన సందర్భాలు రెండు ఉన్నాయి. మోదుగ, బూరుగ, కొండ గుగ్గిలం లాంటి చెట్లు ఆకు రాల్చిన తర్వాత పూస్తాయి. పూల కోసం ఎండాకాలంలోనూ, ఆకుల కోసం వానలు పడ్డాకా ఒకే చెట్టు దగ్గరికి రెండుసార్లు వెళ్లవలసి వస్తుంది. ఆ రెండు సేకరణలకూ రెండు సంఖ్యలు ఇవ్వాలి. రెండో దాని లేబులు మీద ‘ఫలానా సంఖ్య కింద పూలు సేకరించిన చెట్టే ఇది’ అని రాయాలి. చెట్టుకు చిన్న అల్యూమినియం బిళ్ల కట్టి వస్తే మళ్లీ గుర్తుపట్టడం తేలిక. రెండోది ఆడ, మగ చెట్లు వేరుగా ఉండే జాతుల సంగతి. కడప, చిత్తూరు కొండలకే పరిమితమైన పేరిత, అంటే సైకాస్ బెడ్డోమీ, ఇందుకు మంచి ఉదాహరణ: మగ కంకి ఒక చెట్టుది, విత్తనాలున్న భాగం ఇంకో చెట్టుది కాబట్టి వాటిని ఎప్పుడూ ఒకే సంఖ్య కింద కలపకూడదు. ఆ జాతికి ఉన్న చట్టపరమైన రక్షణ గురించి తర్వాత చెబుతాను.

ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. అనంతపురం దగ్గర సింగనమల చెరువు అంచున ఒక సాయంత్రం తుంగ మొక్కలు తీశాను. వెలుతురు తగ్గుతోంది, చేతికి అందినవన్నీ ఒకే రకంలాగే కనిపించాయి, ఒకే సంఖ్య ఇచ్చి ఐదు షీట్లు చేశాను. ఒకటి నిపుణుడికి, మూడు వేర్వేరు హెర్బేరియాలకు పోయాయి, ఒకటి నా దగ్గర ఉంది. నిపుణుడు తన షీటు చూసి ఒక పేరు రాశాడు. ఆ పేరును నేను మిగతావారికి తెలియజేశాను, వారూ తమ షీట్ల మీద అదే అతికించారు. ఏడాది తర్వాత నా షీటును సూక్ష్మదర్శిని కింద పెట్టి గింజ చూస్తే, అది నిపుణుడు చెప్పిన జాతి కాదు. రెండు జాతులు కలిసి పెరిగిన మడుగులో నేను రెండింటినీ కలిపి పీకాను. ముగ్గురికీ ఉత్తరాలు రాసి, ప్రతి షీటునూ వారిచేత మళ్లీ చూపించి, సంఖ్యకు ‘ఎ’, ‘బి’ అని చేర్చి సరిచేయడానికి ఎనిమిది నెలలు పట్టింది. 1828లో కలకత్తా నుంచి లండన్‌కు వెళ్లిన వృక్షశాస్త్రవేత్త నథానియల్ వాలిచ్ ఈస్టిండియా కంపెనీ సేకరణల డూప్లికేట్లను కొన్నేళ్ల పాటు ఐరోపా హెర్బేరియాలకు పంచిపెట్టినప్పుడు, వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు సేకరించినవి కూడా ఒకే సంఖ్య కిందికి వచ్చాయి. వాటిని విడదీయడానికి వాడిన అక్షరాలతో వర్గీకరణ శాస్త్రవేత్తలు నేటికీ కుస్తీ పడుతున్నారు. గడ్డి, తుంగ, నేలను అంటి పెరిగే చిన్న చిక్కుడు జాతి మొక్కల విషయంలో ఒక్కో మొక్కనూ విడిగా పట్టుకుని, పువ్వునో కంకినో భూతద్దంతో చూసి, అప్పుడే కాగితంలో పెట్టండి.

ఎండబెట్టడం

దీని గురించి చాలామంది రాశారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మన ఎండల్లో కాగితాలను బండల మీద పరిచి ఆరబెట్టుకోండి గానీ మొక్కలను నేరుగా ఎండలో పెట్టకండి. ఆకులు పెళుసుబారి, తపాలా ప్రయాణంలో పొడి అవుతాయి. వేసవిలో కాగితాలను రోజుకొకసారి మారిస్తే చాలు. ఆగస్టు నుంచి నవంబరు దాకా, మన కొండల్లో చిన్న మొక్కలు ఎక్కువగా పూసే కాలంలో, మొదటి రెండు మూడు రోజులు పూటపూటకూ మార్చాలి. అడవిలో అంత తీరిక లేకపోతే, మడత కాగితాల కట్టను పాలిథిన్ సంచిలో పెట్టి, స్పిరిటు పోసి తడిపి, మూతి బిగించి తెచ్చుకుని, ఇంటికొచ్చాక ఆరబెట్టే పద్ధతి ఉంది. పూల రంగు పోతుంది కాబట్టి రంగును నోటుబుక్కులో ముందే రాసుకోవాలి.

కండ ఉన్న మొక్కలు మాత్రం మన రాయలసీమ సేకర్తల పాలిట పరీక్ష. కుందేటి కొమ్ములను ఉన్నవి ఉన్నట్టు ప్రెస్సులో పెడితే వారాల తరబడి చావవు. కాగితాల మధ్యనే మొగ్గలు విచ్చుకోవడం నేను చూశాను. కాడను నిలువుగా చీల్చి, లోపలి గుజ్జు తీసి, కొద్దిసేపు మరిగే నీళ్లలో ముంచి తీసి, అప్పుడు నొక్కాలి. పూలను విడిగా చిన్న సీసాలో స్పిరిటులో వేసి, సీసా మీద అదే సంఖ్య రాయాలి. (ఈ మొక్కల ప్రజాతికి 1810లో లండన్‌లోని వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్ పెట్టిన కారలుమా అన్న శాస్త్రీయ నామం, అంతకు ముందు మన తీరపు మొక్కల మీద రాసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ నమోదు చేసిన ‘కార్ అల్లం’ అన్న తెలుగు మాట నుంచి వచ్చినదే. లండన్‌లో కూర్చున్న మనిషికి ఆ మాట చేరడానికి కారణం, ఇక్కడ ఎవరో స్థానిక పేరును విన్నది విన్నట్టు రాసిపెట్టడం.)

లేబులు

డూప్లికేటు షీటు మీ ఊరు దాటాక మీరు దాని పక్కన ఉండరు. కాబట్టి మీకు తెలిసినదంతా లేబులు మీద ఉండాలి, అన్ని డూప్లికేట్ల మీదా అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి. చేత్తో ఐదుసార్లు రాస్తే ఐదు రకాలుగా రాస్తాం; కంప్యూటరులో ఒక్కసారి టైపు చేసి, ఎన్ని షీట్లుంటే అన్ని ప్రతులు, ఒకటి అదనంగా, ఆమ్లం లేని కాగితం మీద అచ్చు తీయండి. సేకర్త పేరు, సేకరణ సంఖ్య, తేదీ, స్థలం, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, నేల స్వభావం, చుట్టూ ఉన్న మొక్కలు, మొక్క ఎత్తు, పూల రంగు, వాసన, స్థానిక పేరు ఉండాలి. సేకరణ సంఖ్యలను ఏడాది మారినా, పథకం మారినా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టకండి. జీవితకాలమంతా ఒకే వరుసలో సాగిన సంఖ్యలే తర్వాతి తరాలకు ఉపయోగపడతాయి.

స్థలం పేరు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన జిల్లాల పేర్లు, హద్దులు తరచూ మారాయి. అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడివడి ఏర్పడింది. అంతకు ముందటి లేబులు మీద బళ్లారి జిల్లా అని ఉన్న మొక్క నేటి అనంతపురం గడ్డ మీదిదే కావచ్చు. 2022 ఏప్రిల్ 4 నుంచి అహోబిలం నంద్యాల జిల్లాలోకి, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. కోయంబత్తూరులోనో హౌరాలోనో కూర్చున్న క్యూరేటరుకు, అంటే అక్కడి హెర్బేరియం నిర్వాహకుడికి, ఇవన్నీ గుర్తుండవలసిన పని లేదు. ‘నంద్యాల జిల్లా (2022కు ముందు కర్నూలు జిల్లా), అహోబిలం, ఎగువ అహోబిలం వెళ్లే దారిలో వాగు ఒడ్డు’ అని రాస్తే పాత నమూనాలతో పోల్చేవారికీ, పటంలో వెతికేవారికీ ఇబ్బంది ఉండదు. పాత ఇంగ్లీషు లేబుళ్ల మీద కడప పేరును ‘సి’ అక్షరంతో మొదలయ్యే వేరే స్పెల్లింగుతో రాశారు. మీరు మాత్రం నేటి స్పెల్లింగునే వాడండి.

స్థానిక పేరును చెప్పినవారు ఎలా పలికారో అలా తెలుగు లిపిలో కూడా రాయండి. గుగ్గిలం అన్న ఒక్క మాటనే తీసుకుంటే, ఒకచోట బాస్వెల్లియా చెట్టు బంకకు, ఇంకోచోట షోరియా చెట్టు బంకకు వాడతారు కాబట్టి, ఏ ఊరివారు ఏ భాగాన్ని చూపి ఆ మాట అన్నారో లేబులు చెప్పాలి. ఎర్రచందనం, పేరిత లాంటి, దొంగతనంగా నరికే లేదా కంకులు కోసుకుపోయే జాతుల విషయంలో కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలను మీ క్షేత్ర పుస్తకంలోనే ఉంచుకుని, పంపే లేబులు మీద కొండ పేరు వరకే రాయడం నా పద్ధతి. శాస్త్రవేత్త ఎవరైనా రాసి అడిగితే ఇవ్వవచ్చు.

ఎవరికి ఏది

బల్ల మీద షీట్లను సంఖ్యల వరుసలో పేర్చుకున్నాక, మొదటి ప్రతిని, అంటే పూలూ కాయలూ అన్నీ ఉన్న మంచి షీటును, మీ ప్రాంతపు హెర్బేరియానికే ఇవ్వండి. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు హెర్బేరియం ఉంది. దాని అంతర్జాతీయ సంకేతం ఎస్‌కేయూ. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. వంద, నూటయాభై ఏళ్లుగా మన కొండల మొక్కల మంచి నమూనాలు దూరపు హెర్బేరియాలకే పోయాయి, కడపలోనో కర్నూలులోనో చదివే విద్యార్థి తన ఇంటి వెనుక కొండ మీది మొక్క అసలు నమూనాను చూడాలంటే రైలెక్కక తప్పడం లేదు. అలాగని అన్నీ మన దగ్గరే దాచుకోవడం కూడా తప్పే, బెర్లిన్ సంగతి పైన చెప్పాను.

రెండో ప్రతిని భారత వృక్షశాస్త్ర సర్వే వారి దక్షిణ ప్రాంతీయ కేంద్రానికి పంపవచ్చు. అక్కడి హెర్బేరియం పేరు మద్రాస్ హెర్బేరియం, ఉండేది కోయంబత్తూరులో. కొత్తవాళ్లు చిరునామా రాసేటప్పుడు చెన్నై అని రాసి తిప్పలు పడుతుంటారు. దక్షిణ భారత మొక్కల పాత నమూనాలు ఎక్కువగా అక్కడే ఉన్నాయి కాబట్టి పోల్చి చూడడానికి అది సరైన చోటు. మూడో ప్రతి అదే సర్వే వారి హైదరాబాదు కేంద్రానికో, హౌరాలోని కేంద్రీయ జాతీయ హెర్బేరియానికో వెళ్లవచ్చు. నాలుగోది ఆ కుటుంబం మొక్కల నిపుణుడికి. ఐదోది మార్పిడికి, అంటే వేరే హెర్బేరియం వారు తమ ప్రాంతపు మొక్కలు మీకు పంపితే బదులుగా ఇవ్వడానికి. ఏ హెర్బేరియానికి ఏ సంకేతాక్షరాలున్నాయో న్యూయార్క్ వృక్షశాస్త్ర ఉద్యానవనం నిర్వహించే ఇండెక్స్ హెర్బేరియోరమ్‌లో చూసుకోండి.

కొత్త జాతి అన్న అనుమానం ఉన్న సంఖ్యను ఈ పంపకంలో నుంచి పక్కకు తీసి, వివరణ ప్రచురించే వరకు అన్ని షీట్లనూ ఒకేచోట ఉంచండి. వృక్షనామకరణ నియమావళి ప్రకారం 1990 జనవరి 1 నుంచి, కొత్త జాతికి ఆధారమైన టైపు నమూనా ఏ హెర్బేరియంలో ఉందో ఆ ఒక్కదాని పేరు ప్రచురణలో చెప్పి తీరాలి. ఆ ఒక్క షీటు హోలోటైపు, మిగతా డూప్లికేట్లు ఐసోటైపులు. ముందే పంచేస్తే ఏది హోలోటైపో తేల్చుకోలేక, ఒకరి దగ్గరి పువ్వును ఇంకొకరి దగ్గరి కాయతో కలిపి వివరించే దుస్థితి వస్తుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షను ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవారు నిర్దేశిత భాండాగారానికి తెలియజేసి, నమూనాను అక్కడ జమ చేయాలి. మొక్కల విషయంలో భారత వృక్షశాస్త్ర సర్వే అలాంటి భాండాగారం.

ఎవరికి ఏ సంఖ్య పంపారో రాసుకునే పుస్తకం ఒకటి వేరుగా పెట్టండి. అడ్డంగా హెర్బేరియాల సంకేతాలు, నిలువుగా సేకరణ సంఖ్యలు, గళ్లలో పంపిన తేదీ, అందినట్టు జవాబు వచ్చిన తేదీ. కంప్యూటరులో ఉన్నా, ఏడాదికొకసారి అచ్చు తీసి బైండు చేయించండి. ఒకసారి నేను ఒక సంస్థకు నూరు షీట్ల దాకా పంపి, జవాబు రాకపోయినా చేరే ఉంటాయిలే అని ఊరుకున్నాను. కొన్నేళ్ల తర్వాత వేరే పని మీద అక్కడికి వెళ్తే, నేను కట్టిన నాడా ముడి విప్పకుండానే ఆ కట్ట ఒక బల్ల కింద కనిపించింది. విప్పి చూస్తే పూల స్థానంలో సన్నటి గోధుమ రంగు పొడి, లేబుళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. తప్పు వారిదెంతో నాదీ అంతే. మూడు నెలల్లో అందినట్టు జవాబు రాకపోతే ఫోను చేసి కనుక్కోవాలన్న నియమం ఆ రోజు నుంచి పెట్టుకున్నాను.

పురుగు

ఆ పొడి పొగాకు పురుగు పని. నంద్యాల వైపు పొగాకు గోదాములున్నవారికి ఈ పురుగు బాగా తెలుసు. రెండు మూడు మిల్లీమీటర్ల గోధుమ రంగు పెంకు పురుగు, హెర్బేరియం షీట్ల మీద పూలను, కాయలను ముందుగా తింటుంది. పంపే ముందు ప్రతి కట్టనూ గాలి చొరని పాలిథిన్‌లో చుట్టి, మైనస్ 20 డిగ్రీలు వచ్చే డీప్ ఫ్రీజరులో కనీసం వారం రోజులు ఉంచండి. బయటికి తీశాక పాలిథిన్‌ను వెంటనే విప్పకండి, గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఒక రోజు ఆగాలి. లేకపోతే తేమ కాగితాల మీద చేరి బూజు పడుతుంది. మన హెర్బేరియాల్లో పూర్వం స్పిరిటులో కరిగించిన మెర్క్యూరిక్ క్లోరైడు పూసేవారు. అది మనుషులకూ విషమే. మీరు కొత్తగా వాడకండి, పాత షీట్లను ఎవరికైనా పంపవలసి వస్తే కట్ట మీద ‘పాదరసం పూసినవి’ అని పెద్ద అక్షరాలతో రాయండి.

కట్ట కట్టడం, కాగితాలు

డూప్లికేట్లను అట్టకు అతికించకుండానే పంపాలి. అందుకున్నవారు తమ షీట్ల మీద తమ పద్ధతిలో అతికించుకుంటారు. ఒక్కో మడత కాగితంలో నమూనా, దాని లేబులు, రాలిన గింజలు, పూరేకులు వేసిన చిన్న పొట్లం ఉండాలి. పొట్లం లోపల కూడా సంఖ్య రాసిన చీటీ వేయండి. పది పదిహేను మడతలకు ఒకటి చొప్పున ముడతల అట్ట పెట్టి, పైనా కిందా గట్టి అట్టలు వేసి, ఒక జానెడు మందం దాటకుండా నాడాతో అడ్డంగా, నిలువుగా బిగించి కట్టండి. కదిలితే విరుగుతాయి, మరీ బిగిస్తే కాయలు చితుకుతాయి. కట్టను చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు రాకూడదు. పాలిథిన్ చుట్టి, అట్టపెట్టెలో నాలుగు వైపులా నలిపిన కాగితాలు కూరాలి. లావు కాయలను, సైకాస్ విత్తనాల్లాంటి వాటిని కట్టలో పెట్టకుండా, సంఖ్య రాసిన గుడ్డ సంచుల్లో వేరుగా పెట్టాలి.

పెట్టె లోపల ఒక ఉత్తరం, రెండు ప్రతుల జాబితా ఉండాలి. ఉత్తరంలో ఇవి కానుకా, మార్పిడా, పేరు చెప్పినందుకు ఉంచుకోవలసినవా, లేక తిరిగి పంపవలసిన అప్పా అన్నది మొదటి వాక్యంలోనే చెప్పండి. ఈ నాలుగింటి మధ్య తేడా చెప్పకపోవడం వల్ల వచ్చే మనస్పర్థలు చాలా చూశాను. జాబితాలో సంఖ్య, కుటుంబం, మీకు తెలిసినంతవరకు పేరు, జిల్లా ఉంటే చాలు. ఒక ప్రతి మీద సంతకం చేసి, ముద్ర వేసి వెనక్కి పంపమని కోరండి. జాబితాను ఈమెయిలులో ముందుగా పంపి, పెట్టె బయలుదేరిన రోజే ట్రాకింగ్ నంబరు కూడా పంపాలి. అక్కడి క్యూరేటరు సెలవులో ఉన్న వారాల్లో పంపకండి.

దేశం బయటికి పంపడం పూర్తిగా వేరే వ్యవహారం. విదేశీ సంస్థకు మన జీవ వనరులు చేరే సందర్భంలో చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు వర్తిస్తాయి కాబట్టి, వారి అనుమతి తేలే వరకు ఒక్క ఆకు కూడా పంపరాదు. అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందంలో, సైకాస్ బెడ్డోమీ మొదటి అనుబంధంలోనూ, ఎర్రచందనం రెండో అనుబంధంలోనూ, అన్ని ఆర్కిడ్లూ కనీసం రెండో అనుబంధంలోనూ ఉన్నాయి. ఆ ఒప్పందంలోని ఏడో అధికరణం నమోదైన శాస్త్ర సంస్థల మధ్య వ్యాపారేతరంగా జరిగే హెర్బేరియం నమూనాల మార్పిడికి, ఆమోదించిన లేబులు అతికించి పంపేలా మినహాయింపు ఇచ్చింది. పంపేవారు, అందుకునేవారు ఇద్దరూ నమోదై ఉండాలి. ఒకరే నమోదై ఉంటే అది చెల్లదు. దీనికి తోడు, సైకాస్ బెడ్డోమీకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కూడా ఉంది కాబట్టి, దాన్ని కోయడానికే ప్రత్యేక అనుమతి కావాలి. వ్యక్తిగతంగా విదేశీ మిత్రుడి బ్యాగులో షీట్లు పెట్టి పంపడం ఎంత చిన్న సాయంలా కనిపించినా చేయకండి.

పేరు తిరిగి వచ్చాక

నిపుణుడి నుంచి పేరు రావడానికి ఆరు నెలలు పట్టవచ్చు, రెండేళ్లూ పట్టవచ్చు. వచ్చిన రోజే మీ పంపకం పుస్తకం తెరిచి, ఆ సంఖ్య ఎవరెవరి దగ్గర ఉందో చూసి, అందరికీ ఒకే ఉత్తరం రాయండి. పేరుతో పాటు గుర్తించినవారి పేరు, సంవత్సరం, వారు చూసినది ఏ హెర్బేరియం షీటో కూడా రాయాలి. సింగనమల తుంగ దగ్గర నేను రాయనిది ఆ చివరి మాటే. కొత్త పేరును చిన్న చీటీ మీద అచ్చు తీసి అసలు లేబులు పక్కన అతికించాలి గానీ, పాత పేరును కొట్టివేయడం, దాని మీద రాయడం కూడదు. మీ పాత గుర్తింపు తప్పయినా అది అక్కడే ఉండాలి.

మీకు వేరేచోటి నుంచి కట్ట వచ్చినప్పుడు పాటించవలసిన క్రమం కూడా ఇంచుమించు ఇదే. పెట్టెను హెర్బేరియం గదిలో విప్పకండి. పాలిథిన్ తీయకుండా ముందుగా వారం రోజులు ఫ్రీజరులో పెట్టి, తర్వాత వేరే గదిలో విప్పి, జాబితాతో సరిపోల్చి, విరిగినవీ తక్కువ వచ్చినవీ ఉంటే జాబితా మీదే రాసి, సంతకం చేసిన ప్రతిని ఆ రోజు తపాలాలోనే వెనక్కి వేయండి. అవతల ఊళ్లో ఎవరో తమ పుస్తకంలో ఒక ఖాళీ గడి ముందు పెట్టుకుని మీ కవరు కోసం చూస్తుంటారు.